వేగం, వేడి, వ్యవధి: ట్యాబ్లెట్ ప్రాసెసర్‌ను ల్యాప్‌టాప్‌తో పోల్చడమెలా?

2024 మే నెలలో ఆపిల్ సంస్థ ఎం4 అనే ప్రాసెసర్‌ను వెలువరించినప్పుడు దాన్ని తొలుత అమర్చింది 5.1 మిల్లీమీటర్ల మందం గల 13 అంగుళాల ఐప్యాడ్ ప్రోలో. అదే చిప్ ఆ సంస్థ ల్యాప్‌టాప్‌లకు అందడానికి మరో ఆరు నెలలు పట్టింది. 2010లో తొలి ఐప్యాడ్ వచ్చిన నాటికి ట్యాబ్లెట్ అంటే వీడియోలు చూసుకోవడానికీ, ఇంటర్నెట్‌లో వార్తలు చదువుకోవడానికీ పనికివచ్చే పలక అనీ, బరువైన లెక్కలు చేసేది ల్యాప్‌టాప్ మాత్రమే అనీ అందరూ అనుకునేవారు. పద్నాలుగేళ్లలో ఈ రెండు యంత్రాల మధ్య దూరం ఎలా తగ్గిందో, ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఇంకా మిగిలి ఉందో తెలియాలంటే ప్రకటనల్లో కనిపించే 'ఇన్ని రెట్ల వేగం' అన్న ఒక్క అంకె చాలదు. ప్రాసెసర్ ఎంత వేగంగా పని చేయగలదన్న ప్రశ్నకు, ఆ వేగాన్ని అది ఎంతసేపు నిలుపుకోగలదన్న ప్రశ్నను జోడించినప్పుడే ట్యాబ్లెట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య జరిగే పోలిక శాస్త్రీయమవుతుంది.

వేగమంటే మూడు సంఖ్యల లబ్ధం

ప్రాసెసర్ చేసే పని ఆదేశాలను ఒకదాని వెంట ఒకటిగా అమలు చేయడం. ఈ ఆదేశాలు చాలా చిన్నవి: రెండు సంఖ్యలను కూడడం, ఒక విలువను మెమరీ నుంచి తెచ్చుకోవడం, రెండు విలువలను పోల్చి దాన్నిబట్టి ముందుకు సాగడం వంటివి. ఈ పనులన్నీ ఒక లయలో సాగడానికి చిప్‌లో ఒక విద్యుత్ గడియారం నిరంతరం స్పందిస్తూ ఉంటుంది. సెకనుకు 100 కోట్ల సార్లు స్పందిస్తే దాన్ని ఒక గిగాహెర్ట్జ్ అంటారు. ఒక ప్రోగ్రాం పూర్తి కావడానికి పట్టే కాలం మూడు సంఖ్యల లబ్ధం: ఆ ప్రోగ్రాంలో అమలయ్యే ఆదేశాల సంఖ్య, ఒక్కో ఆదేశానికి సగటున ఖర్చయ్యే గడియార స్పందనల సంఖ్య, ఒక్కో స్పందనకు పట్టే కాలం. అంగడిలో పెట్టె మీద అచ్చయ్యే గిగాహెర్ట్జ్ అంకె ఈ మూడింటిలో చివరిదాన్ని మాత్రమే చెబుతుంది; తక్కిన రెండూ ప్రాసెసర్ నిర్మాణం మీద, సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటాయి.

2008 నుంచి చౌక నెట్‌బుక్‌లలో విరివిగా వాడిన ఇంటెల్ ఆటమ్ ఎన్270 చిప్ గడియార వేగం 1.6 గిగాహెర్ట్జ్, 2010 చివర వచ్చిన 13 అంగుళాల మాక్‌బుక్ ఎయిర్‌లోని కోర్ 2 డ్యుయో వేగం 1.86 గిగాహెర్ట్జ్. అంకెలను బట్టి చూస్తే ఈ రెండింటి మధ్య తేడా స్వల్పమే అయినా, వాడుకలో రెండోది ఎన్నో రెట్లు చురుకైనది. ఆటమ్ ఆదేశాలను వచ్చిన క్రమంలోనే అమలు చేస్తుంది కాబట్టి ఒక ఆదేశానికి కావలసిన విలువ మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే దాని వెనుక ఉన్నవన్నీ ఆగిపోతాయి. కోర్ 2 డ్యుయో మాత్రం ఆగిన ఆదేశాన్ని పక్కన ఉంచి, దానితో సంబంధం లేని తరువాతి ఆదేశాలను ముందుగా పూర్తి చేసి, ఫలితాలను చివరకు సరైన వరుసలో పేర్చుతుంది. ఈ పద్ధతిని క్రమేతర అమలు అని పిలవవచ్చు. ట్యాబ్లెట్ల చరిత్రలో అసలైన మలుపులన్నీ గడియార వేగం కంటే ఈ విధమైన నిర్మాణ మార్పులతోనే ముడిపడి ఉన్నాయి.

2010 నుంచి నేటి దాకా

తొలి ఐప్యాడ్‌లోని ఏ4 చిప్‌లో ఒకే ఒక కోర్, అంటే ఆదేశాలను స్వతంత్రంగా అమలు చేయగల ఒకే ఒక గణన కేంద్రం ఉండేది. దాని వేగం ఒక గిగాహెర్ట్జ్, దానికి తోడుగా ఉన్న ర్యామ్ 256 మెగాబైట్లు. 2011లో వచ్చిన ఐప్యాడ్ 2లో కోర్ల సంఖ్య రెండయింది, ర్యామ్ 512 మెగాబైట్లయింది, ఆదేశాల క్రమేతర అమలు కూడా మొదలైంది. ఆ ఏడాదే టెనెసీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాక్ డొంగారా, సూపర్‌కంప్యూటర్లను కొలవడానికి తాను రూపొందించిన లిన్‌ప్యాక్ పరీక్షను ఐప్యాడ్ 2కు వర్తింపజేసి, అది 1985 నాటి క్రే-2 సూపర్‌కంప్యూటర్‌తో దాదాపు సరితూగగలదని అంచనా వేశాడు. బీజగణిత సమీకరణాల సమూహాలను సాధించే ఈ పరీక్షలో, ప్రత్యేక ద్రవంలో ముంచి చల్లబరచవలసి వచ్చిన ఒక మహాయంత్రానికి ఫ్యాన్ అయినా లేని పలక సాటి రావడం ఇరవై ఆరేళ్లలో చిప్‌ల తయారీ సాధించిన ప్రగతికి గట్టి నిదర్శనం.

అదే సంవత్సరం అక్టోబరు 5న భారత ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే చౌక ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. డేటావిండ్ సంస్థ రూపొందించి, హైదరాబాద్‌లో కూర్పు చేయించిన ఆ పరికరంలో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్, ఏడు అంగుళాల తెర ఉండేవి. ఒకే ఏడాది వచ్చిన రెండు ట్యాబ్లెట్లలో ఒకటి పాత సూపర్‌కంప్యూటర్‌కు సాటి రావడం, మరొకటి వెబ్ పేజీ తెరవడానికే తడబడడం గమనిస్తే 'ట్యాబ్లెట్' అన్న పేరు పరికరం ఆకారాన్ని చెబుతుందే కాని దాని సామర్థ్యాన్ని చెప్పదని స్పష్టమవుతుంది. ఏడాది తరువాత, 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2కు ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 మెగాబైట్ల ర్యామ్ అమర్చి ఆ లోపాన్ని కొంత సరిదిద్దారు.

తరువాతి పదేళ్లలో ఉన్నత శ్రేణి ట్యాబ్లెట్లు ఎలా పెరిగాయో ట్రాన్సిస్టర్ల లెక్క చూపుతుంది. విద్యుత్ ప్రవాహాన్ని ఆపడానికీ, వదలడానికీ మీటలా పని చేసే అతి చిన్న భాగాన్ని ట్రాన్సిస్టర్ అంటారు. 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్‌లోని ఏ7 చిప్‌లో ఇవి 100 కోట్లకు పైగా, 2014 నాటి ఏ8ఎక్స్‌లో 300 కోట్లు, 2018 నాటి ఏ12ఎక్స్‌లో 1,000 కోట్లు, 2021లో ఐప్యాడ్ ప్రోకు చేరిన ఎం1లో 1,600 కోట్లు, 2024 నాటి ఎం4లో 2,800 కోట్లు ఉన్నాయి. ఇదే కాలంలో గడియార వేగం ఏ4లో ఒక గిగాహెర్ట్జ్ నుంచి ఎం4లో సుమారు 4.4 గిగాహెర్ట్జ్ వరకు, అంటే నాలుగు రెట్లకు కాస్త మించి పెరిగింది. ఒక్క కోర్ చేసే పని మాత్రం కొన్ని పదుల రెట్లు పెరిగింది. ఈ రెండు పెరుగుదలల మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్‌ను ఎలా అందుకుందో తెలిసినట్లే.

ఒక్కో స్పందనలో ఎక్కువ పని

ట్యాబ్లెట్లలో వాడే ప్రాసెసర్లలో చాలా భాగం ఆర్మ్ అనే ఆదేశ సంపుటి మీద ఆధారపడినవి. ఆదేశ సంపుటి అంటే ప్రాసెసర్ అర్థం చేసుకోగల ఆదేశాల మొత్తం జాబితా. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నగరంలో ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థకు చెందిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పని చేయడం మొదలుపెట్టింది. అందులో ఉన్న ట్రాన్సిస్టర్లు సుమారు 25,000 మాత్రమే. ఖరీదైన పింగాణీ తొడుగుకు బదులు చౌకైన ప్లాస్టిక్ తొడుగులో ఇమిడేలా ఒక వాట్‌కు మించని విద్యుత్తుతో నడవాలని రూపకర్తలు పెట్టుకున్న లక్ష్యాన్ని ఆ చిప్ ఎంతో మిగులుతో సాధించింది. ఖర్చు తగ్గించడానికి మొదలైన ఆ పొదుపే పాతికేళ్ల తరువాత బ్యాటరీతో నడిచే పరికరాలకు పునాది అయింది.

ల్యాప్‌టాప్‌లలో దీర్ఘకాలం ఏలిన ఎక్స్86 సంపుటి మూలం 1978 నాటి ఇంటెల్ 8086 చిప్. ఎక్స్86 ఆదేశాల పొడవు ఒక బైట్ నుంచి 15 బైట్ల వరకు మారుతూ ఉంటుంది; 64 బిట్ల ఆర్మ్ ఆదేశాలన్నీ సరిగ్గా నాలుగు బైట్లు. పొడవు ముందుగానే తెలిసినప్పుడు ఒకే స్పందనలో అనేక ఆదేశాలను వేరు చేసి చదవడం సులువవుతుంది. 2020లో వచ్చిన ఎం1 చిప్‌లోని పెద్ద కోర్ ఒక స్పందనలో ఎనిమిది ఆదేశాలను చదవగలిగేది. అంతకు అయిదేళ్ల ముందు వచ్చి, ఎన్నో ల్యాప్‌టాప్‌లకు ఆధారమైన ఇంటెల్ స్కైలేక్ కోర్ నాలుగింటిని మాత్రమే చదివేది. అయితే తేడాకు ఆదేశ సంపుటి ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. ఇంటెల్ 2021లో తెచ్చిన కోర్లు ఆరు ఆదేశాలనూ, 2024లో తెచ్చిన కోర్లు ఎనిమిది ఆదేశాలనూ చదవగలుగుతున్నాయి కాబట్టి, ఎంత వెడల్పైన కోర్ నిర్మించాలన్న రూపకర్తల నిర్ణయానికీ, దానికి కావలసిన ట్రాన్సిస్టర్ల లభ్యతకూ కూడా అంతే పాత్ర ఉంది.

వెడల్పైన కోర్‌ను నిర్మించినంత మాత్రాన చాలదు, దానికి ఎప్పటికప్పుడు మేత అందించాలి. నాలుగు గిగాహెర్ట్జ్ వేగంలో ఒక్కో స్పందన వ్యవధి నానోసెకనులో నాలుగోవంతు. అంత సమయంలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు. ర్యామ్ నుంచి ఒక విలువ రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, ఆ వ్యవధిలో కోర్ 400 స్పందనలను ఊరకే పోగొట్టుకుంటుంది. ఈ నష్టాన్ని తప్పించడానికి తరచూ అవసరమయ్యే విలువలను కోర్ పక్కనే దాచి ఉంచే చిన్న, వేగవంతమైన నిల్వను క్యాష్ మెమరీ అంటారు. ఆదేశాల కోసం స్కైలేక్ కోర్‌కు అతి దగ్గరగా ఉన్న క్యాష్ 32 కిలోబైట్లు కాగా, ఎం1 పెద్ద కోర్‌కు 192 కిలోబైట్లు ఉంది. దీనికి తోడు ఎం1లో సాధారణ గణన భాగమూ, చిత్రాలను తీర్చిదిద్దే గ్రాఫిక్స్ భాగమూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి కాబట్టి ఒకచోటి సమాచారాన్ని మరోచోటికి నకలు తీయవలసిన పని తగ్గుతుంది. ఈ మెమరీ నుంచి సెకనుకు అందే సమాచారం ఎం1లో సుమారు 68 గిగాబైట్లు, ఎం4లో 120 గిగాబైట్లు.

వేడి విధించే హద్దు

నిర్మాణం ఎంత గొప్పదైనా, వాడిన విద్యుత్తంతా చివరకు వేడిగా మారక తప్పదు. ట్రాన్సిస్టర్లు మారే క్రమంలో ఖర్చయ్యే విద్యుత్తు గడియార వేగానికీ, వోల్టేజ్ వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. పైగా వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజ్‌నూ పెంచవలసి వస్తుంది. అందువల్ల వేగాన్నీ వోల్టేజ్‌నూ చెరి 20 శాతం తగ్గిస్తే విద్యుత్తు వాడకం దాదాపు సగానికి పడిపోతుంది. వేగంలో అయిదోవంతు వదులుకొని వేడిలో సగం మిగుల్చుకునే ఈ బేరమే ట్యాబ్లెట్ రూపకల్పనకు ఆయువుపట్టు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ అదే నిష్పత్తిలో వోల్టేజ్ కూడా తగ్గుతుందని 1974లో ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపిన సూత్రం మూడు దశాబ్దాల పాటు పరిశ్రమను నడిపించింది. 2005 ప్రాంతంలో అది అమలు కాకుండా పోవడంతో గడియార వేగాల పరుగు నెమ్మదించింది, ఒకే చిప్‌లో అనేక కోర్లు పెట్టే యుగం మొదలైంది.

ఫ్యాన్ లేని పలక ఎంత వేడిని బయటికి పంపగలదో స్థూలంగా లెక్కించవచ్చు. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో ముందు వెనుక తలాల మొత్తం వైశాల్యం సుమారు 0.12 చదరపు మీటర్లు. కదలని గాలిలో ప్రతి చదరపు మీటరూ, పరిసరాల కంటే ఎక్కువగా ఉన్న ప్రతి డిగ్రీకీ దాదాపు 10 వాట్లను వదలగలదని తీసుకుందాం. చేతికి భరించరాని స్థితి రాకుండా ఉపరితలాన్ని 45 డిగ్రీల దగ్గర ఆపితే, 25 డిగ్రీల గదిలో ఆ పలక గరిష్ఠంగా 24 వాట్లు వదలగలదు. వేడి అంతటా సమంగా పరచుకోదు, తెర కూడా కొన్ని వాట్లు వాడుకుంటుంది కాబట్టి ప్రాసెసర్‌కు దక్కేది అందులో ఒక భాగమే. గది ఉష్ణోగ్రత 42 డిగ్రీలైతే అదే పలక వదలగలిగేది నాలుగు వాట్లకు లోపే. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఫ్యాను గాలి కూడా లేని గదిలో వాడే ట్యాబ్లెట్ ఎందుకు మందగిస్తుందో, తెర వెలుగును తానే ఎందుకు తగ్గించుకుంటుందో ఈ లెక్క చెబుతుంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలకు మించని పరిసరాల్లో వాడాలని తయారీదారు నిర్దేశించడానికి కారణమూ ఇదే.

పరికరం దేహం వేడిని కొంతసేపు తనలో దాచుకోగలదు కూడా. దీన్ని ఒక నీటి తొట్టితో పోల్చవచ్చు: ప్రాసెసర్ పుట్టించే వేడి పైనుంచి పడే ధార, ఉపరితలం వదిలే వేడి అడుగున ఉన్న తూము, పరికరం బరువు తొట్టి పరిమాణం. ధార తూము కంటే పెద్దదైనా తొట్టి నిండేవరకు ఏ ఇబ్బందీ కనిపించదు. నిండిన తరువాత మాత్రం ధారను తూముకు సరిపోయేంతకు తగ్గించక తప్పదు. సుమారు 580 గ్రాముల బరువున్న ఆ పలక ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 500 జౌళ్ల శక్తి కావాలనుకుంటే, బయటికి పోయేదానికంటే 10 వాట్లు ఎక్కువగా పుట్టినప్పుడు 15 డిగ్రీలు పెరగడానికి 750 సెకన్లు, అంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. వేడి చిప్ చుట్టూనే పోగవుతుంది కాబట్టి ఆచరణలో ఇంకా ముందే హద్దు చేరుకుంటుంది. హద్దు చేరాక ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకోవడాన్ని ఉష్ణ నియంత్రణ అంటారు. అది లోపం కాదు, పరికరాన్నీ వాడేవారి చేతినీ కాపాడే ఏర్పాటు.

ఈ విషయాన్ని పరీక్షించడానికి ఎం1 చిప్ అరుదైన అవకాశం కల్పించింది. 2020 నవంబరులో అది ఫ్యాన్ లేని మాక్‌బుక్ ఎయిర్‌లోనూ, ఫ్యాన్ ఉన్న 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలోనూ వచ్చింది. 2021లో అదే చిప్ ఐప్యాడ్ ప్రోలో వచ్చింది. ఒక ఫోటోను సరిదిద్దడం, ఒక పేజీని తెరవడం వంటి కొద్ది సెకన్ల పనుల్లో ఈ మూడింటి ప్రాసెసర్ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్ని కోర్లనూ ఏకబిగిన వాడుకునే సుదీర్ఘ వీడియో పనుల్లో మాత్రం కొన్ని నిమిషాల తరువాత ఫ్యాన్ లేని యంత్రం వేగం తగ్గించుకోగా, ఫ్యాన్ ఉన్న యంత్రం తన వేగాన్ని నిలుపుకుంది. చిప్ ఒకటే, గడియారం ఒకటే, సాఫ్ట్‌వేర్ మూలాలు కూడా దగ్గరివే. మారినదల్లా వేడి బయటికి పోయే దారి. బరువైన ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్ గాలిని బలవంతంగా తోయడం వల్ల 30, 40 వాట్లను, ఆటల కోసం తయారైన వాటిలో అంతకు కొన్ని రెట్లను గంటల తరబడి వదలడం వీలవుతుంది. ల్యాప్‌టాప్‌కు నేటికీ మిగిలిన ఆధిక్యంలో పెద్ద భాగం చిప్‌ది కాదు, ఫ్యాన్‌ది.

బ్యాటరీ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో బ్యాటరీ సామర్థ్యం సుమారు 39 వాట్ గంటలు. తయారీదారు చెప్పే పది గంటల వాడకం సగటున నాలుగు వాట్ల ఖర్చుతోనే సాధ్యం. అదే పరికరం 20 వాట్లు ఆపకుండా వాడుకుంటే రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ అవుతుంది. కాబట్టి గరిష్ఠ వేగమూ పది గంటల వాడకమూ ఒకేసారి దొరకవు.

ఎనిమిది కోర్లంటే ఎనిమిది రెట్లా?

మన అంగళ్లలో అమ్ముడయ్యే చౌక ట్యాబ్లెట్ల పెట్టెల మీద 'ఆక్టాకోర్' అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఎనిమిది కోర్లున్నప్పుడు పని ఎనిమిది రెట్లు వేగంగా సాగాలని కొనేవారు ఆశించడం సహజమే గాని, 1967లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ వివరించిన సూత్రం అందుకు అడ్డు చెబుతుంది. ఒక పనిలో సగభాగం విడదీయడానికి వీలులేనిదై, ఒకే కోర్ మీద వరుసగా సాగవలసి వస్తే, మిగిలిన సగాన్ని ఎనిమిది కోర్లకు పంచినా మొత్తం వేగం 1.8 రెట్లకు మించదు. కోర్ల సంఖ్యను అనంతం చేసినా రెండు రెట్లు దాటదు. తెరను తాకగానే స్పందించడం, పేజీని పేర్చడం వంటి రోజువారీ పనుల్లో విడదీయలేని భాగమే ఎక్కువ కాబట్టి ఒక్క కోర్ బలం ఎంత అన్నదే ముఖ్యమవుతుంది.

2021లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లోని మీడియాటెక్ చిప్‌లో ఎనిమిది కార్టెక్స్-ఏ53 కోర్లున్నాయి. 2012లో ప్రకటించిన ఈ ఏ53 కోర్ ఆదేశాలను వచ్చిన క్రమంలోనే, స్పందనకు రెండింటికి మించకుండా అమలు చేసే పొదుపు కోర్. 2011లో ఆర్మ్ సంస్థ ప్రతిపాదించిన పద్ధతిలో పెద్ద కోర్లు కష్టమైన పనికీ, చిన్న కోర్లు తేలికైన పనికీ కలిసి ఉండాలి. కొన్ని చౌక చిప్‌లలో మాత్రం పెద్ద కోర్లను పూర్తిగా విడిచిపెట్టి ఎనిమిదీ చిన్నవే పెడుతున్నారు. అందువల్ల ఎనిమిది కోర్ల చౌక ట్యాబ్లెట్ కంటే రెండు బలమైన కోర్ల పాత ల్యాప్‌టాప్ చురుకుగా తోచడంలో వింత లేదు. ఉన్నత శ్రేణిలోనూ పేరును మాత్రమే నమ్మడానికి వీల్లేదు: ఎం4 ఐప్యాడ్ ప్రోలో తక్కువ నిల్వ గల నమూనాలకు మూడు పెద్ద కోర్లతో మొత్తం తొమ్మిది, ఎక్కువ నిల్వ గల వాటికి నాలుగు పెద్ద కోర్లతో మొత్తం పది ఇచ్చారు.

కొలమానాల చరిత్ర, వాటి పరిమితులు

వేర్వేరు యంత్రాలను పోల్చడానికి అన్నింటి మీదా ఒకే పనిని నడిపి కాలాన్ని కొలిచే పరీక్షలను బెంచ్‌మార్క్‌లంటారు. 1970ల నాటి వెట్‌స్టోన్ దశాంశ సంఖ్యల గణనను, 1984లో రైన్‌హోల్డ్ వైకర్ రాసిన డ్రైస్టోన్ పూర్ణాంకాల పనిని కొలిచేవి. చిన్న పరీక్షలకు తగినట్టుగా తయారీదారులు తమ సాధనాలను మలచుకోవడం మొదలయ్యాక, నిజమైన ప్రోగ్రాంలతోనే కొలవాలన్న సంకల్పంతో 1988లో స్పెక్ అనే సంస్థ ఏర్పడింది. ట్యాబ్లెట్లకూ ల్యాప్‌టాప్‌లకూ ఉమ్మడిగా నేడు ఎక్కువగా వాడేది కెనడాకు చెందిన ప్రైమేట్ ల్యాబ్స్ వారి జీక్‌బెంచ్.

ఈ అంకెలను చదవడానికి కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఒక్కో వెర్షన్‌కు ఒక్కో ప్రమాణ యంత్రం ఉంటుంది. జీక్‌బెంచ్ 5లో ఇంటెల్ కోర్ ఐ3-8100కు 1,000 మార్కులు ఇచ్చి దాన్నే ప్రమాణం చేయగా, 2023లో వచ్చిన జీక్‌బెంచ్ 6లో కోర్ ఐ7-12700కు 2,500 ఇచ్చారు. ఎం1లోని ఒక్క కోర్ మొదటిదాంట్లో సుమారు 1,700, రెండోదాంట్లో సుమారు 2,300 సాధించిందంటే చిప్ వేగం పెరిగిందని అర్థం కాదు, కొలబద్ద మారిందని అర్థం. పాత ట్యాబ్లెట్‌కు ఎప్పుడో వచ్చిన అంకెను కొత్త ట్యాబ్లెట్‌కు నేడు వచ్చిన అంకెతో పోల్చేవారు తరచూ పడే పొరపాటు ఇక్కడే ఉంది. ఒకే వెర్షన్ మీద ఎం4లోని ఒక్క కోర్‌కు సుమారు 3,700 వస్తుంది కాబట్టి, మూడేళ్ల తేడాలో ఐప్యాడ్ ప్రో ఒక్క కోర్ వేగం సుమారు 1.6 రెట్లయిందని నమ్మకంగా చెప్పవచ్చు.

రెండోది సగటు తీసే పద్ధతి. ఒక పరీక్షలో మొదటి యంత్రం రెండో దానికంటే రెట్టింపు వేగంగా, మరో పరీక్షలో సగం వేగంతో నడిచిందనుకుందాం. ఈ రెండు నిష్పత్తుల సాధారణ సగటు 1.25, యంత్రాల స్థానాలు మార్చి లెక్కించినా మళ్లీ 1.25 వస్తుంది. అంటే ఏ యంత్రం వైపు నుంచి చూసినా అదే పాతిక శాతం మెరుగన్న అసంగత ఫలితం వస్తుంది. నిష్పత్తులను గుణించి మూలం తీసే గుణమధ్యమం మాత్రం ఒకటి అని, అంటే రెండూ సమానమని సరిగ్గా చెబుతుంది. ఫ్లెమింగ్, వాలెస్ అనే పరిశోధకులు 1986లో ఈ సంగతిని నిరూపించిన నాటి నుంచి చాలా ప్రామాణిక పరీక్షలు గుణమధ్యమాన్నే అనుసరిస్తున్నాయి.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, వ్యవధి. జీక్‌బెంచ్ వంటి పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. దానిలోని చిన్న పరీక్షల మధ్య విరామాలు కూడా ఉంటాయి. పైన చెప్పిన వేడి తొట్టి నిండకముందే కొలత పూర్తవుతుంది కాబట్టి ట్యాబ్లెట్‌కూ ల్యాప్‌టాప్‌కూ దాదాపు ఒకే అంకె వస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు, అది తొలి నిమిషాల గురించిన నిజం. అలాగే 2018 నాటి ఐప్యాడ్ ప్రో అంతకుముందు ఏడాదిలో అమ్ముడైన వెంట తీసుకెళ్లగల కంప్యూటర్లలో 92 శాతం కంటే వేగవంతమైనదని ఆపిల్ ప్రకటించినప్పుడు, అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో అధిక భాగం ఖరీదైనవి కావన్న సంగతిని గుర్తుంచుకోవాలి. ఆ వాక్యం సగటు ల్యాప్‌టాప్ గురించి చెబుతుందే గాని ఉత్తమ ల్యాప్‌టాప్ గురించి కాదు.

పాత ట్యాబ్లెట్ ఎందుకు మందగిస్తుంది?

కొన్నప్పుడు చురుకుగా ఉన్న ట్యాబ్లెట్ నాలుగైదేళ్లకు నెమ్మదించడం చాలామందికి అనుభవమే. సాధారణ వాడకంలో ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లు ఆ కొద్ది కాలంలో గమనించదగినంతగా అరిగిపోవు. చుట్టూ ఉన్నవే మారతాయి. వెబ్ పేజీలు, యాప్‌లు ఏటేటా ఎక్కువ మెమరీని కోరతాయి, ర్యామ్ మాత్రం పెంచడానికి వీలులేకుండా బోర్డుకు అతికి ఉంటుంది. ర్యామ్ నిండినప్పుడు వ్యవస్థ వెనుక ఉన్న యాప్‌లను మూసివేస్తుంది, తిరిగి వాటి దగ్గరకు వెళ్లినప్పుడు మొదటి నుంచీ తెరుస్తుంది; వాడేవారికి అది ప్రాసెసర్ మందగింపుగా తోస్తుంది. 256 మెగాబైట్ల తొలి ఐప్యాడ్ రెండేళ్ల తరువాత కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు నోచుకోకపోవడానికి ర్యామ్ కొరత ప్రధాన కారణాల్లో ఒకటి. 2017 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 11 పాత 32 బిట్ల యాప్‌లనూ, ఆ తరం పరికరాలనూ పూర్తిగా విడిచిపెట్టింది. ఒక చిప్ ఆయుష్షు సిలికాన్ మీద కంటే సాఫ్ట్‌వేర్ నిర్ణయాల మీదే ఎక్కువ ఆధారపడుతుందనడానికి అది తార్కాణం.

శాశ్వత నిల్వ కూడా ముఖ్యమే. చౌక ట్యాబ్లెట్లలో వాడే ఈఎంఎంసీ నిల్వ గరిష్ఠంగా సెకనుకు 400 మెగాబైట్లు మాత్రమే అందించగలదు; నేటి ల్యాప్‌టాప్‌లలోని ఎస్ఎస్‌డీలు సెకనుకు కొన్ని గిగాబైట్లు అందిస్తాయి. నిల్వ నిండే కొద్దీ కొత్త సమాచారం రాయడానికి ముందు పాత గదులను ఖాళీ చేసుకోవలసిన పని పెరిగి రాత వేగం ఇంకా తగ్గుతుంది. కాబట్టి నిల్వలో కొంత భాగాన్ని ఖాళీగా ఉంచడం పాత ట్యాబ్లెట్‌కు చేయగల చౌకైన చికిత్స.

కొత్త ట్యాబ్లెట్‌లోనూ సాఫ్ట్‌వేర్ హద్దులున్నాయి. ర్యామ్ చాలనప్పుడు నిల్వలో కొంత భాగాన్ని మెమరీగా వాడుకునే సదుపాయం ల్యాప్‌టాప్‌లకు దశాబ్దాలుగా ఉండగా, ఎం1 ఐప్యాడ్‌కు అది 2022లో ఐప్యాడ్‌ఓఎస్ 16తో దక్కింది. ఫైనల్ కట్ ప్రో వంటి వృత్తిపరమైన వీడియో సాధనం 2023 మే వరకు ఐప్యాడ్‌లో లేదు. ల్యాప్‌టాప్‌తో సమానమైన చిప్ చేతిలో ఉన్నా ఆ బలాన్ని వాడుకునే ప్రోగ్రాం లేకపోతే, ఆ సమానత్వం కొలతలకే పరిమితమవుతుంది.

పోలికకు సరైన ప్రశ్నలు

ఈ చర్చ నిపుణులకు మాత్రమే సంబంధించినది కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు లక్షల సంఖ్యలో ట్యాబ్‌లు పంపిణీ చేసింది. చాలా కుటుంబాల్లో పిల్లల తొలి కంప్యూటర్ ట్యాబ్లెట్టే అవుతోంది. ఇంతమంది చదువు ఒక పరికరం మీద ఆధారపడినప్పుడు దాని ఎంపిక గిగాహెర్ట్జ్ అంకె మీదనో, కోర్ల లెక్క మీదనో జరగకూడదు.

చేయవలసిన పని ఏమిటి, అది ఎంతసేపు ఆగకుండా సాగుతుంది, ఏ వాతావరణంలో సాగుతుంది, దానికి ఎంత మెమరీ కావాలి, ఎన్నేళ్లపాటు సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందుతాయి అన్న అయిదు ప్రశ్నలకు సమాధానం దొరికితే ఎంపిక తేలికవుతుంది. పాఠం వినడానికీ, చదవడానికీ, రాసుకోవడానికీ బలమైన పెద్ద కోర్లు రెండైనా ఉండి, చాలినంత ర్యామ్ గల మధ్యశ్రేణి ట్యాబ్లెట్ సరిపోతుంది. బొమ్మలు గీయడానికీ, చిన్న వీడియోలు కూర్చడానికీ ఉన్నత శ్రేణి ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్‌తో పోటీపడుతుంది, కొన్నిసార్లు మించుతుంది. ప్రోగ్రాంలు రాసి నడపడానికీ, గంటల తరబడి సాగే లెక్కలకూ ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్‌కే ఇప్పటికీ పెద్దపీట వేయాలి. కొనుగోలు చేసే విద్యాసంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ టెండర్లలో కోర్ల సంఖ్యకు బదులు, వేసవి ఉష్ణోగ్రతలో అరగంట నడిపిన తరువాత పరికరం నిలుపుకున్న వేగాన్ని కొలిచి చూపాలని కోరితే, తయారీదారులు ప్రకటనకు పనికివచ్చే అంకె కోసం కాక తరగతి గదికి పనికివచ్చే యంత్రం కోసం చిప్‌లను ఎంచుకుంటారు.